‘ఆయ్, తెలుసండి’ అన్నవాళ్ళలో వాడేవాళ్ళెందరు?

ప్రశ్న: కోనసీమలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో ఈమధ్యే లైబ్రేరియన్‌గా చేరానండి. జర్నళ్ళూ ఈ-పుస్తకాలూ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎన్-లిస్ట్‌కి డబ్బు కట్టాం, లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ పెట్టాం, డిజిటల్ సెక్షన్‌లో ఎనిమిది కంప్యూటర్లున్నాయి. పిల్లలకీ లెక్చరర్లకీ సర్వే ఫారం ఇస్తే దాదాపు అందరూ ‘తెలుసు’ అని టిక్ పెట్టారు. లాగిన్లు చూస్తే నెలకి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. లోపం ఎక్కడుంది? ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. సర్వే ఎలా చేస్తే బాగుంటుంది?

సమాధానం:

ముందు ఆ టిక్కుల సంగతి చూద్దాం అమ్మా. మన వైపు పిల్లవాణ్ణి పిలిచి ‘ఎన్-లిస్ట్ తెలుసా’ అని అడిగితే ఏమంటాడు? ‘ఆయ్, తెలుసండి’ అంటాడు. అందులో మర్యాద ఉంటుంది. మేష్టారు త్వరగా వదిలేస్తే నాలుగుంబావు బస్సు అందుకోవచ్చన్న ఆశా ఉంటుంది. నిజంగా తెలుసో లేదో మాత్రం ఆ మాటలో దొరకదు. మీ ఫారంలో టిక్ అంటే కాగితం మీద రాసిన ‘ఆయ్’, అంతే.

నేను ముప్పై ఏళ్ళు డెల్టాలోనే ఉద్యోగం చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. నేనూ అలాంటి ఫారాలు పంచినవాణ్ణే, వాటితో రంగుల గ్రాఫులు గీసి ఫైల్లో పెట్టినవాణ్ణే. ఒకసారి అనుమానం వచ్చి, ‘తెలుసు’ అని రాసిన ఒక కుర్రాణ్ణి ‘ఏదీ, తెరిచి చూపించు నాన్నా’ అన్నాను. ఫోను తీశాడు. యూట్యూబ్ తెరిచి, అందులో ఎన్-లిస్ట్ అని కొట్టాడు. పాపం, అబద్ధం ఆడలేదు. ఆ పేరు వాడికి నిజంగానే తెలుసు, నోటీసు బోర్డు మీద చూశాడు.

మీ కాలేజీలో లోపం పిల్లల దగ్గర మొదలవుతుందని నేను అనుకోను. ముందు మన బల్ల మీదే వెతకాలి. మొదట చూడాల్సింది ఈమెయిళ్ళు. ఎన్-లిస్ట్‌లో కాలేజీ అడ్మిన్ పిల్లల పేర్లు, ఈమెయిళ్ళు ఎక్కిస్తే ఐడీ, పాస్‌వర్డ్ ఆ మెయిల్‌కే వెళ్తాయి. మన పిల్లల్లో చాలామంది ఈమెయిల్ ఎవరు చేశారు? అడ్మిషన్ అప్లికేషన్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి రెండు నిమిషాల్లో చేసి ఇచ్చాడు. పాస్‌వర్డ్ అతనికే తెలుసు. ఒక్కోసారి రికవరీ ఫోన్ నంబరు కూడా అతనిదే. నేను ఒక ఏడాది రెండు సెక్షన్ల పిల్లలందరికీ ఖాతాలు చేసి, ఎంతో కష్టపడ్డానని సంబరపడ్డాను. సగానికి పైగా మెయిళ్ళు ఎవరూ తెరవని పెట్టెల్లో పడి ఉన్నాయని మరుసటేడు గానీ తెలియలేదు. తప్పు నాదే. చేయవలసిన పని చాలా చిన్నది: పిల్లల్ని పదిమంది చొప్పున పిలిచి, వాళ్ళ ఫోన్లో వాళ్ళ మెయిల్ తెరవమనండి. తెరవలేనివాళ్ళకి అక్కడే కొత్తది చేయించి, పాస్‌వర్డ్ వాళ్ళ నోట్‌బుక్కులో వాళ్ళ చేతే రాయించండి. ఆ తర్వాతే ఎన్-లిస్ట్ ఖాతా. ఖాతాలకి గడువు కూడా ఉంటుంది, ఏటా అడ్మిన్ పొడిగించాలి. మీకు ముందున్నవారు పొడిగించారో లేదో ఈరోజే చూడండి. గడువు దాటిన ఖాతాలతోనే ఏడాదంతా నడిపిన కాలేజీని నేనెరుగుదును.

డబ్బు సంగతి కూడా ఒక మాట. ఎన్-లిస్ట్ 2010లో మొదలైంది. గాంధీనగర్‌లో ఉన్న యూజీసీ వారి కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. మేం కట్టినప్పుడు ఎయిడెడ్ కాలేజీకి ఏడాదికి 5,000 రూపాయలు, జీఎస్టీ కలిపి 5,900. దానికి ఆరువేలకి పైగా జర్నళ్ళు, దాదాపు రెండు లక్షల ఈ-పుస్తకాలు వచ్చేవి. ఆ డబ్బుతో బీరువాలోకి ఎన్ని పుస్తకాలొస్తాయో మీకూ తెలుసు. ఇక 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది. ముప్పై ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్ళు అందులో ఉన్నాయి, మూడేళ్ళకి 6,000 కోట్లు కేటాయించారు. అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద నడిచే సంస్థలకి. మీది ఎయిడెడ్ కాబట్టి ‘అవన్నీ మనకీ వచ్చేశాయటగా’ అని స్టాఫ్ రూంలో ఎవరైనా అంటే తొందరపడి తలూపకండి. ఎన్-లిస్ట్‌ని జాగ్రత్తగా చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. అవగాహన సదస్సు పెట్టి, గంటన్నర పీపీటీ చూపించి, ఫోటో తీసి, సంతకాల షీటు న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) ఫైల్లో పెడతాం. పెట్టాల్సిందే, కాదనను. న్యాక్ వాళ్ళు లాగిన్ లెక్కలు కూడా అడుగుతారు, వాటికి ఫోటోలు పనికిరావు. నా అనుభవంలో సదస్సు వల్ల వాడకం మొదలుపెట్టినవాళ్ళు తక్కువ. తన పని ఒకటి ఆగిపోయి, అది ఈ పనిముట్టుతో కదిలినప్పుడు మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ. ఒక ఉదాహరణ చెప్తాను, కాస్త పొడుగే.

లంక గ్రామం నుంచి వచ్చే బీఎస్సీ కుర్రాడొకడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం తన ఊళ్ళో సార్వా (ఖరీఫ్) వరి దెబ్బతినడం గురించి రాయాలన్నాడు. గూగుల్లో ఇంగ్లీషులో ‘గోదావరి ఫ్లడ్ పాడీ’ అని కొట్టాడు. వచ్చినవన్నీ పేపర్ వార్తలు, మంత్రుల పర్యటనలు. ‘ఇందులో ఏమీ లేదండి’ అని లేవబోయాడు. కూర్చోమన్నాను.

“మీ పొలానికి వచ్చింది వరదేనా?”

“వరద గోదాట్లోనండి. మా చేలో అయితే ముంపండి. ఏరు తగ్గినా నీళ్ళు దిగలేదు, పదిరోజులు.”

చూశారా, వాడికి తెలుగులో తేడా బాగా తెలుసు. శాస్త్రవేత్తలూ అదే తేడా పాటిస్తారు. మొక్క పూర్తిగా నీళ్ళలో మునిగి ఉండటాన్ని వాళ్ళు సబ్‌మర్జెన్స్ అంటారు, అంటే మన ముంపే. ఆ మాట కాగితం మీద రాయించాను. తర్వాత ‘పాడీ’ కొట్టేసి ‘రైస్’ రాయమన్నాను. పరిశోధన వ్యాసాల పేర్లలో ఎక్కువగా కనబడేది రైసే. ఇక రకం ఏమిటంటే ‘స్వర్ణండి’ అన్నాడు. విత్తనాల సంచి మీద ఏముంటుంది అంటే ‘ఎంటీయూ 7029’. ఎంటీయూ అంటే ఏమిటో వాడికి తెలియదు. అది మన పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానం గుర్తు. 1982లో విడుదలైన ఆ రకం అక్కణ్ణించే వచ్చింది. చెప్తే నమ్మలేదు, వాళ్ళ మేనత్తది ఆ పక్క ఊరేనట.

ఇప్పుడు పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో మూడు మాటలు వేశాం: స్వర్ణ, సబ్‌మర్జెన్స్, రైస్. మొదటి పేజీలోనే స్వర్ణ-సబ్1 వచ్చింది. ఒడిశా దేశవాళీ వరి నుంచి వచ్చిన జన్యువుని స్వర్ణలోకి ఎక్కించి, దాదాపు రెండు వారాలు మునిగినా తట్టుకునేలా చేసిన రకం అది. మన దేశంలో 2009లో విడుదలైంది. కుడిపక్కన పీడీఎఫ్ అని ఉన్న లింకు ఏమిటో చూపించాను. అది లేనిచోట వ్యాసం పేరు కాపీ చేసి ఎన్-లిస్ట్‌లో వెతకడం చూపించాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. వాడు అడిగిన మొదటి ప్రశ్న ప్రాజెక్టు గురించి కాదు. “ఇది మాకు దొరుకుద్దాండీ?”

ఆ వారంలో మరో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒకడిది రొయ్యల చెరువు, ఇంకొకడిది కొబ్బరి. వాళ్ళకి నేర్పింది నేను కాదు, వాడే. నేను పక్కన కూర్చుని టీ తాగాను.

అందుకే నా సలహా, డేటాబేసుల పేర్లు చెప్పడం తగ్గించి మాటలు వెతకడం నేర్పండి. ఊళ్ళో ఏమంటారు, పుస్తకంలో ఏమంటారు, వ్యాసంలో ఏమంటారు అని మూడు గళ్ళ కాగితం ఒకటి చేసుకోండి. ఆక్వా పిల్లలతో చేస్తే సరదాగా ఉంటుంది. చెరువు గట్టు మీద అనే మాట ఒకటి, మందుల షాపువాడు అనేది ఇంకొకటి, వ్యాసంలో ఉండేది మరొకటి. రొయ్యల్లో వచ్చే ఈహెచ్‌పీ అనే జబ్బు పేరు రైతులు రోజూ అంటూనే ఉంటారు. ఆ మూడక్షరాలతో వెతికితే వేరే ఏవేవో వస్తాయి. పూర్తి పేరు వేస్తేనో, పక్కన ‘ష్రింప్’ చేరిస్తేనో దారికొస్తుంది.

ఇక కోహా. మీరు ఒక పరీక్ష చేయండి. మీ ఓపాక్‌లో, అంటే పిల్లలు పుస్తకాలు వెతుక్కునే కంప్యూటర్ కేటలాగులో, ‘కథలు’ అని తెలుగులో కొట్టండి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో టీహెచ్‌తో ఒకసారి, డీహెచ్‌తో ఒకసారి కొట్టండి. మూడుసార్లూ వేరే వేరే జాబితాలొస్తే ఆశ్చర్యపోకండి. మా దగ్గర అదే జరిగింది. డేటా ఎంట్రీ మూడు విడతలుగా ముగ్గురు చేశారు. ఒకరు ‘కథ’ని టీహెచ్‌తో రాస్తే ఇంకొకరు డీహెచ్‌తో. ‘గోదావరి’ నాలుగు రకాలుగా ఉంది. మూడోవారు డీటీపీ అలవాటు మీద అను ఫాంటులో కొట్టి అతికించారు. అది తెర మీద తెలుగులా కూడా కనబడదు, ఏవో గుర్తులు, అక్షరాలు కలగాపులగంగా ఉంటాయి. ఒక తెలుగు స్పెషల్ అమ్మాయి కథల పుస్తకం కోసం ఓపాక్‌లో వెతికి, లేదనుకుని వెళ్ళిపోతుంటే మా రికార్డ్ అసిస్టెంట్ “ఆ బీరువాలో రెండో అరండి, ఆకుపచ్చ అట్ట” అని తీసిచ్చాడు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఓపాక్ ముట్టుకుంటే ఒట్టు. ముట్టుకోవాల్సిన అవసరం మాత్రం ఏముంది? ఆయన ఉన్నాడుగా.

దీనికి మందు ఉంది, ఓపిక కావాలి. కేటలాగు రికార్డులో ఒక్కో వివరానికి ఒక్కో నంబరు గడి ఉంటుంది కదా, తెలుగు పుస్తకాలకి 245 ఫీల్డులో పేరు యూనికోడ్ తెలుగులో పెట్టండి. పేరుకి వేరే రూపాలు రాసే 246లో ఇంగ్లీషు అక్షరాల రూపం ఇవ్వండి, రెండు మూడు స్పెల్లింగులు ఉంటే ఫీల్డు రిపీట్ చేయండి. అప్పుడు పిల్లలు ఎలా కొట్టినా పుస్తకం దొరుకుతుంది. కోహాలో వెతికే పని జీబ్రా చేస్తుంటే, ఇన్‌స్టాల్ చేసినప్పుడు మామూలుగా వచ్చే సెట్టింగు లాటిన్ అక్షరాలకి సరిపోతుంది, తెలుగు కోసం అన్ని లిపులకీ పనికొచ్చే ఐసీయూ ఇండెక్సింగ్‌కి మార్చి మొత్తం రీఇండెక్స్ చేయించాలి. మీకు సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళని ‘ఐసీయూ చేశారా’ అని ఈ ఒక్క ముక్క అడగండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా కొడితే కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు. ఎంట్రీ చేసేవాళ్ళందరూ ఒకే పద్ధతిలో కొట్టేలా చూడండి. మొత్తం పుస్తకాలు ఒకేసారి సరిచేద్దామని కూర్చోకండి, మీ వల్ల కాదు. ఇష్యూ రిపోర్టు తీసి, ఎక్కువగా బయటికెళ్ళే ఐదొందల పుస్తకాలతో మొదలుపెట్టండి. సెలవుల్లో తెలుగు పీజీ పిల్లల్ని ఇద్దర్ని కూర్చోబెడితే అయిపోతుంది. వాళ్ళకి టైపింగూ వస్తుంది.

ఈ స్పెల్లింగు గొడవే పాత తెలుగు పుస్తకాల దగ్గరా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, పేర్లు మాత్రం చిత్రవిచిత్రమైన ఇంగ్లీషు స్పెల్లింగుల్లో. నాలుగైదు రకాలుగా కొట్టి చూడమని తెలుగు లెక్చరర్లకి చెప్పండి. పాఠం యూనికోడ్‌లోనే కావాలంటే తెలుగు వికీసోర్స్, మాటల అర్థాలకి ఆంధ్రభారతి నిఘంటువు. ఈ మూడూ చూపిస్తే తెలుగు డిపార్ట్‌మెంట్ మీ వైపు వచ్చేస్తుంది. సైన్సు వాళ్ళకంటే వీళ్ళే ముందు వస్తారు, పందెం.

లెక్చరర్ల దగ్గర మీ పని వేరు. వాళ్ళకి ‘రండి నేర్పుతాను’ అంటే చిన్నతనంగా ఉంటుంది. వాళ్ళకి టెన్షన్ ఉన్నచోట సాయపడండి. వ్యాసం ఎక్కడ వేయాలి అన్నది పెద్ద టెన్షన్. నమ్మదగిన జర్నళ్ళంటూ యూజీసీ ఉంచిన యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఇప్పుడు జర్నల్ మంచిదో కాదో తేల్చుకోవడం రాసేవాళ్ళ బాధ్యతే. ‘48 గంటల్లో ప్రచురిస్తాం’ అని వచ్చిన మెయిల్ పట్టుకుని ఎవరైనా వస్తే, జర్నల్‌కి ఉండే ఐఎస్ఎస్ఎన్ నంబరు ఎలా సరిచూడాలి, అందరూ ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నలైతే అలాంటివాటి జాబితా డీఓఏజేలో ఉందా లేదా ఎలా చూడాలి, ఎడిటోరియల్ బోర్డులో పేరున్న ప్రొఫెసర్ నిజంగా ఉన్నారా లేదా, అక్కడే చూపించండి. ఒక్క సారు డబ్బు పోగొట్టుకోకుండా కాపాడితే చాలు, స్టాఫ్ రూంలో మీ ప్రచారం ఆయనే చేస్తారు.

ఇంకోటి కొత్తగా వచ్చింది. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక పరిశోధక విద్యార్థి చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల జాబితా తెచ్చి, ‘ఇవి తెప్పించండి’ అన్నాడు. జర్నళ్ళు నిజమైనవే. సంపుటాలూ ఉన్నాయి. ఆ పేజీల్లో ఉన్నవి మాత్రం వేరే వ్యాసాలు! పొద్దున్నంతా వెతికాక గానీ నాకు వెలగలేదు. అప్పట్నుంచి ఎవరు జాబితా తెచ్చినా ముందు ఒక్కో వ్యాసానికి ఉండే డీఓఐ నంబరుని డీఓఐ సైటులో వేసి చూస్తాను, నంబరు లేకపోతే పేరు మొత్తం కొటేషన్ మార్కుల్లో పెట్టి స్కాలర్‌లో వేస్తాను. రిఫరెన్సులు దాచుకునే జొటీరో సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పితే ఈ జబ్బు కొంత తగ్గుతుంది. అందులోకి వ్యాసం పేజీ నుంచి ఎక్కించుకుంటారు కాబట్టి లేనిది ఎక్కడం కష్టం. ఉచితం కూడా.

టైమింగ్స్ గురించి ఎవరూ అడగరు గానీ చాలా ముఖ్యం. మీ డిజిటల్ సెక్షన్ పదింటికి తెరిచి నాలుగింటికి మూస్తారు కదా? అప్పుడు పిల్లలు క్లాసులో ఉంటారు. అది మూసేవేళకి వాళ్ళు బస్సులో, రేవు దాటే పంటు మీద ఉంటారు. ఆ ఎనిమిది కంప్యూటర్ల మీద బెంగ పెట్టుకోకండి, వాళ్ళ చేతిలో ఫోనుంది. ఎన్-లిస్ట్ ఇంటి నుంచి కూడా తెరుచుకుంటుందని మా పిల్లల్లో చాలామందికి తెలియదు, కాలేజీ వైఫైలోనే పనిచేస్తుందనుకునేవారు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలవల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళకి తీసుకెళ్ళారు. మన గోదావరి వైపు బిక్కవోలు దగ్గర కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు అంతకుముందే గ్రంథాలయోద్యమం నడిపారు. వాళ్ళకి ఫోన్లు ఉండి ఉంటే ఏం చేసేవారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మా కాలేజీలో నేను చేసింది ఒక్కటే, సెక్షన్ల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి ఎనిమిదింటికి ఒక చిన్న పని పెట్టేవాణ్ణి. ఫలానా వ్యాసం మొదటి పేజీ స్క్రీన్‌షాట్ పంపండి అని. మొదట్లో ముగ్గురు పంపారు. అందులో ఇద్దరిది ఒకే స్క్రీన్‌షాట్.

మీ పీహెచ్‌డీకి వస్తాను. ‘అవగాహన, వినియోగం’ అనే పేరుతో వచ్చిన థీసిస్‌లు, దేశంలోని పరిశోధనల్ని దాచే శోధ్‌గంగ సైటులో కుప్పలు. ఒక గంట కూర్చుని నాలుగైదు తిరగేయండి, ప్రశ్నావళి అన్నిట్లో ఒకటే. ‘పుస్తకాలు ఉన్నది ఉపయోగించుకోవడానికి’ అన్న గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి మొదటి సూత్రంతో మొదలుపెట్టకండి, అందరూ అక్కడే మొదలుపెట్టారు. మీరు అడగకండి, చేయించండి. విద్యార్థికి తన ఫోనే ఇచ్చి ఐదు పనులు చెప్పండి. ఫలానా పుస్తకం మన లైబ్రరీలో ఏ అరలో ఉందో ఓపాక్‌లో కనుక్కోమనండి. తన సబ్జెక్టులో ఒక వ్యాసం పూర్తి పాఠం దింపమనండి. ఒక జర్నల్ పేరిచ్చి అది నమ్మదగినదో కాదో చెప్పమనండి. ఒక తెలుగు పుస్తకం స్కాన్ వెతకమనండి. దొరికినదాన్ని రిఫరెన్సుగా రాయమనండి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగిపోయారు, ఆగినప్పుడు ఏం చేశారు అన్నది రాసుకోండి. ఎక్కడ ఆగారు అన్న గడే మీ థీసిస్‌కి ప్రాణం. ఈమెయిల్ దగ్గర ఆగినవాడూ, కీవర్డ్ దగ్గర ఆగినవాడూ ఒకటి కాదు. పాత ఫారం కూడా అదే పిల్లలతో నింపించండి. ‘తెలుసు’ టిక్కుని పనితో పక్కపక్కన పెడితే మీకు రాయడానికి బోలెడు దొరుకుతుంది. గైడు ‘శాంపిల్ చిన్నది’ అని సణుగుతారు. అరవై మందిని ఇలా కూర్చోబెట్టి చూడటం ఆరువందల ఫారాలు పంచడం కంటే కష్టమని ఒప్పించండి.

లాగిన్ లెక్కలు ఎన్-లిస్ట్ అడ్మిన్ నుంచి, ఇష్యూ లెక్కలు కోహా రిపోర్టుల నుంచి నెలనెలా ఇప్పట్నుంచే దాచుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. వరదల నెలలో కాలేజీ మూసిన రోజులు కూడా పక్కన రాసుకోండి, లేకపోతే ఆ నెల గ్రాఫు ఎందుకు పడిపోయిందో వైవాలో చెప్పలేక తడుముకుంటారు.

ఈ లోపు ఆ ‘కథలు’ పరీక్ష చేయండి. మూడు స్పెల్లింగులకీ ఎన్నేసి వచ్చాయో చెప్తే, 246 ఎంట్రీ ఏ వరసలో చేసుకోవాలో చూద్దాం.